టేబుల్ మీద పనిచేస్తే చాలదు.. కడలి మీద నిలవాలి!

ఉప్పు గాలి, ఎండ, కుదుపు, నిలకడలేని కరెంటు. వీటన్నిటినీ తట్టుకునే కంప్యూటర్‌ను సొంతంగా కట్టి చూడండి. ఎంబెడెడ్, ఆటోమోటివ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకంటూ ఒక కథ ఉంటుంది.

రాత్రి పదకొండు దాటింది. కొత్తపట్నం ఒడ్డున ఐదారుగురం నిలబడి సముద్రం వైపే చూస్తున్నాం. తొమ్మిదిన్నరకల్లా రావాల్సిన బోటు ఇంకా రాలేదు. అందులో ఉన్నది మా నాన్న స్నేహితుడు, నేను బాబాయ్ అని పిలిచే మనిషి. ఆ బోటులో ఉన్న కంప్యూటర్ నేను చేసింది. ‘ఒడ్డు ఎటుందో ఇదే చూపిస్తుంది బాబాయ్’ అంటూ ఆ రోజు మధ్యాహ్నం బిగించి వచ్చింది కూడా నేనే.

పన్నెండింటికి బోటు వచ్చింది. బాబాయ్ కోప్పడలేదు. పెట్టె విప్పి నా చేతిలో పెట్టి ఒకటే మాట అన్నాడు.

‘‘ఆగిపోయినా బాగుండేది అబ్బయా. ఆగిపోయానని చెప్పకుండా బాణం గుర్తు చూపిస్తానే ఉంది. దాన్ని నమ్ముకొని పోయుంటే తెల్లారిపోయేది.’’

మెమరీ కార్డు దెబ్బతిని ప్రోగ్రామ్ నిలిచిపోయింది. తెర మీద మాత్రం చివరి బొమ్మ అలాగే ఉండిపోయింది. గాలి వాటం చూసుకుని, ఒడ్డున లైట్లు కనపడేదాకా తన లెక్క తాను వేసుకుని ఆయన తిరిగొచ్చాడు. అదే పెట్టె మా ఇంట్లో టేబుల్ మీద నెల రోజులపాటు ఒక్కసారి కూడా ఆగలేదు!

బీటెక్ పూర్తయి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులవి. ల్యాబ్‌లో రివ్యూ రోజున పది నిమిషాలు పనిచేస్తే ప్రాజెక్టు అయిపోయినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ని. మీలోనూ చాలామంది అలాగే అనుకుంటున్నారేమో. ఆ రాత్రి తర్వాత నేను మళ్లీ మొదలుపెట్టిన పనే చివరకు నాకు ఉద్యోగం తెచ్చింది. ఎలాగో చెప్తాను. ఇందులో మీరు చేయలేనిది ఏదీ లేదు.

ఫోన్ ఉండగా ఇదెందుకు?

మంచి ప్రశ్న. ఇంటర్వ్యూలో నన్నూ ఇదే అడిగారు. ఫోన్‌లో జీపీఎస్ ఉంటుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ తడి చేతికి దాని తెర సరిగా పలకదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కనపడదు. తెర వెలుగుతూనే ఉంటే తెల్లవారేసరికి ఛార్జింగ్ ఉండదు. పైగా అత్యవసరంలో మాట్లాడటానికి ఉండాల్సింది కూడా అదే ఫోన్.

ఈ సమస్య మీద పెద్ద సంస్థలే పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లో 1999లో ఏర్పాటైన ‘ఇన్‌కాయిస్’ ఉపగ్రహాలిచ్చే సముద్ర ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ సమాచారంతో చేపలు దొరికే చోట్లను అంచనా వేసి మత్స్యకారులకు చెబుతుంది. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్ అందదు. అక్కడా హెచ్చరికలు చేరాలని 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే పరికరం విడుదల చేశారు. అది ‘గగన్’ ఉపగ్రహాల నుంచి సందేశం అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. ఆపదలో ఉన్న బోటు నుంచి సంకేతం పంపే ఇస్రో పరికరం ‘డాట్’ 2010 నుంచే వాడుకలో ఉంది. ‘మీ సంకేతం అందింది’ అని తిరిగి జవాబు కూడా చెప్పే రెండో తరం డాట్ 2024 జనవరిలో వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 30న, లక్ష చేపల బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే రూ.364 కోట్ల పథకాన్ని ప్రధాని పాల్‌ఘర్‌లో ప్రారంభించారు.

మీరు చేసే పెట్టె వీటికి ప్రత్యామ్నాయం కాదు. లైఫ్ జాకెట్, డాట్ లాంటివి బోటులో ఉండాల్సిందే. మీ పెట్టెది చిన్న పని. ఒడ్డు ఎటుంది, ఎంత దూరముంది, వల వేసిన చోటు ఎక్కడ? ఈ మూడూ చెబితే చాలు. అయితే ఆ చిన్న పనిని సముద్రం మీద, రోజూ, తప్పకుండా చేయాలి. ఇలాంటి చోట నిలిచేలా కట్టినదాన్నే ‘రగ్డ్ కంప్యూటర్’ అంటారు.

శత్రువు 1: ఉప్పు నీరు

నా మొదటి పెట్టె ఐపీ67 రకం. ఇందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా నీరు చేరదని అర్థం. ఇంకేం కావాలి అనుకున్నా. పది రోజులకు విప్పి చూస్తే లోపల చెమ్మ!

కారణం రంధ్రం కాదు. పగలు ఎండకు పెట్టెలోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. దాని మీద ఒక్కసారిగా అల పడితే గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. లోపల ఒత్తిడి తగ్గి, రబ్బరు సీలు సందుల్లోంచి తేమను లాక్కుంటుంది. రోజుకు నాలుగైదుసార్లు ఇలా జరిగితే పెట్టె దానంతటదే నీళ్లు తాగుతుంది. దీనికి విరుగుడు ఇంకా గట్టిగా మూయడం కాదు. గాలిని పోనిచ్చి నీటిని ఆపే చిన్న పొర ఉన్న ‘వెంట్ ప్లగ్’ బిగించడం. దానికి తోడు ఒక సిలికా జెల్ సంచి వేయండి.

సర్క్యూట్ బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ అనే పలుచని వార్నిష్ పూయండి. పూసే ముందు కనెక్టర్లకు టేపు అంటించడం మరిచిపోవద్దు. నేను మరిచిపోయి ఒక బోర్డు పాడుచేసుకున్నా. వైర్లు పెట్టె అడుగు వైపు నుంచి కేబుల్ గ్లాండ్ ద్వారా రావాలి. పెట్టెలోకి వెళ్లే ముందు వైరు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. అప్పుడు దాని వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మామూలు రాగి తీగ ఉప్పు గాలికి ఇన్సులేషన్ లోపలిదాకా నల్లబడిపోతుంది. తగరం పూత ఉన్న తీగ వాడండి. అల్యూమినియం పెట్టెకు స్టీలు స్క్రూలు నేరుగా బిగిస్తే, ఉప్పు నీటి సాయంతో ఆ రెండు లోహాలూ బ్యాటరీలా మారి అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు పడాలి.

శత్రువు 2: ఎండ

మొదటి పెట్టె నల్ల రంగు ప్లాస్టిక్‌ది. లోపల రాస్ప్‌బెర్రీ పై 4. దాని తయారీదారు చెప్పే పరిసర ఉష్ణోగ్రత పరిమితి 50 డిగ్రీలు. జూన్ ఎండలో మూసిన నల్ల పెట్టెలో ఆ పరిమితి ఎంతసేపు నిలుస్తుంది? ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటగానే తనను తాను నెమ్మది చేసుకోవడం మొదలుపెట్టింది.

ఫ్యాన్ పెడదామంటే ఉప్పు గాలిని చేతులారా లోపలికి పంపినట్టే. అందుకే రెండో పెట్టెకు తెల్ల రంగు వేసిన అల్యూమినియం ఎంచుకున్నా. ప్రాసెసర్‌కూ పెట్టె గోడకూ మధ్య థర్మల్ ప్యాడ్ పెడితే పెట్టె మొత్తం హీట్‌సింక్ అవుతుంది. బోర్డు కూడా మార్చాను. పై జీరో 2 డబ్ల్యూ తక్కువ వేడెక్కుతుంది, 70 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు పనిచేసేలా తయారైంది. బాణం గుర్తు గీయడానికి దాని శక్తి చాలా ఎక్కువే.

శత్రువు 3: కరెంటు

చిన్న ఫైబర్ బోటులో లైటు కోసం 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఇంటి దగ్గర ఛార్జ్ చేసి తీసుకెళ్తారు. పై 4, ఏడంగుళాల తెర కలిసి సుమారు 10 వాట్లు తిన్నాయి. కన్వర్టర్‌లో పోయేదీ కలిపితే దాదాపు ఒక ఆంపియర్. పద్నాలుగు గంటల వేటకు 14 ఆంపియర్ అవర్లు. అంటే బాబాయ్ లైటుకు దక్కాల్సిన కరెంటు నా కంప్యూటర్ తాగేస్తోంది. కొత్త పెట్టె మొత్తం ఒకటిన్నర వాట్లలో సరిపెట్టుకుంటుంది. అదే వేటకు 2 ఆంపియర్ అవర్లు చాలు. ఈ లెక్క కాగితం మీద ముందే వేసుంటే రెండు నెలలు మిగిలేవి.

చీకట్లో ఎవరో ఒకరు ప్లస్, మైనస్ తారుమారు చేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, మనం ఊహించకపోవడం తప్పు. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, తర్వాత తిరగేసి పెట్టినా కాపాడే మాస్‌ఫెట్, ఆ తర్వాత టీవీఎస్ డయోడ్, చివర 9 నుంచి 36 వోల్టుల దాకా తీసుకునే కన్వర్టర్. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

మీ ఊరికి సముద్రం లేదా? గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే లారీ ఉంది, పక్కింటి కారు ఉంది. అక్కడ కరెంటు ఇంకా మొండిది. సెల్ఫ్ కొట్టగానే 12 వోల్టులు కాస్తా ఏడుకో, ఆరుకో పడిపోవచ్చు. అంటే పైన చెప్పిన 9 వోల్టుల కన్వర్టర్ ఆ క్షణంలో చేతులెత్తేస్తుంది. ఇంకా తక్కువ వోల్టేజీని తట్టుకునేదో, ఆ క్షణం గట్టెక్కించే సూపర్ కెపాసిటరో కావాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడితే ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా వోల్టేజీ లేస్తుంది. దీన్ని ‘లోడ్ డంప్’ అంటారు. 12 వోల్టుల వాహనాలకు ఐఎస్ఓ 16750-2 ప్రమాణం ఈ పరీక్షలో 79 నుంచి 101 వోల్టుల వరకు చెబుతుంది. ఇంకో సంగతి. ఆపి ఉంచిన కారులో 3 వాట్ల కంప్యూటర్ రోజుకు 6 ఆంపియర్ అవర్లు తాగుతుంది. వారం తిరిగేలోపు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఖాళీ! తాళం తీయగానే పెట్టె తనంతట తాను పద్ధతిగా షట్‌డౌన్ అవ్వాలి.

శత్రువు 4: కుదుపు

అలల మీద ఎగిరిపడే బోటులో యూఎస్‌బీ ప్లగ్గులు వాటంతటవే ఊడిపోతాయి. తాళం పడే కనెక్టర్లు వాడండి, లేదా సోల్డర్ చేయండి. నైలాక్ నట్లు, మరలకు థ్రెడ్ లాకర్ తప్పనిసరి. వైరు ఎక్కడ వేలాడుతుందో అక్కడే తెగుతుంది. ప్రతి రెండు మూడు అంగుళాలకు ఒక టై వేసి కట్టేయండి.

శత్రువు 5: మన అహంకారం

‘‘తడి చేత్తో ముట్టుకుంటే పలకదేంది అబ్బయా ఇది?’’ మొదటి రోజే బాబాయ్ అడిగిన ప్రశ్న. రంగుల టచ్ స్క్రీన్ నా ముచ్చట, ఆయన అవసరం కాదు. ఇప్పుడు పెట్టె మీద నీరు చొరని రెండు లావుపాటి బటన్లు ఉన్నాయి. ఒకటి ‘ఒడ్డు’, ఇంకోటి ‘వల’. తెర నలుపు-తెలుపు ట్రాన్స్‌ఫ్లెక్టివ్ ఎల్‌సీడీ. ఎండ ఎంత ఎక్కువైతే అంత బాగా కనిపిస్తుంది. అందులో ఒక బాణం, కిలోమీటర్ల అంకె. అంతే.

వాడే మనిషిని ముందుగా అడగడం ఖర్చులేని పని. నేను చివర్లో చేశాను.

తెలియకపోతే ‘తెలియదు’ అనాలి

ఆ రాత్రి అసలు తప్పు మెమరీ కార్డుది కాదు, నాది. పెట్టె చచ్చిపోతే చచ్చిపోయినట్టు కనపడాలి. ఈ ఒక్క సూత్రం కోసం సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగరాశాను.

మొదటిది, కార్డు. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లోనే ‘ఓవర్‌లే ఫైల్ సిస్టమ్’ ఉంటుంది. అది పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న భాగం మీద ఏమీ రాయదు. ప్రయాణ వివరాలు వేరే పార్టిషన్‌లోకి పోతాయి.

రెండోది, వాచ్‌డాగ్. ఇది బోర్డులోనే ఉండే టైమర్. ప్రోగ్రామ్ దాన్ని 15 సెకన్లలోపు తట్టి లేపుతూ ఉండకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తుంది. తెర మీద కొత్త బాణం గీసిన తర్వాతే దాన్ని తట్టేలా రాశాను. ఊరికే సిస్టమ్ బతికుందని తడితే లాభం లేదు.

మూడోది, జీపీఎస్ చెప్పే నిజం. జీపీఎస్ మాడ్యూల్ ఎన్ఎంఈఏ 0183 అనే పద్ధతిలో వరసగా వాక్యాలు పంపుతుంది. వాటిలో ‘ఆర్ఎంసీ’ అనే వాక్యంలో సమయం, స్థానం, వేగం, దిశతోపాటు ఒక అక్షరం ఉంటుంది. ‘ఏ’ అంటే నమ్మొచ్చు. ‘వీ’ అంటే నమ్మొద్దు. మొదటి ప్రోగ్రామ్‌లో ఆ అక్షరాన్ని నేను చదవనే లేదు! ఇప్పుడు ‘వీ’ వచ్చినా, స్థానం అంది ఐదు సెకన్లు దాటినా బాణం మాయమై పెద్ద అడ్డగీత వస్తుంది. తెర మూలన ప్రతి సెకనుకూ ఒక చుక్క మెరుస్తుంది. ‘చుక్క ఆగిందంటే దీని మాట వినొద్దు బాబాయ్’ అని చెప్పాను. ఆయనకు నచ్చింది ఈ చుక్కే.

ఇంకో చిన్న పాఠం. బోటు నిలబడి ఉంటే జీపీఎస్ దిశ చెప్పలేదు. దిక్సూచి చిప్ పెడితే పక్కనే ఉన్న ఇంజిన్ ఇనుము దాన్ని తప్పుదోవ పట్టించింది. అందుకే బోటు కదులుతున్నప్పుడే బాణం, ఆగితే దూరం మాత్రమే చూపిస్తాను.

ఇంట్లోనే పరీక్షలు

ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఖాళీ పెట్టెలో టిష్యూ కాగితం పెట్టి, సముద్రపు నీళ్లు పోసిన బకెట్‌లో ముంచండి. కాగితం తడిస్తే పెట్టె పనికిరాదు. రెండోసారి ఎండలో గంట ఉంచి, వేడి మీద ముంచండి. నిజమైన పరీక్ష అదే. కుదుపు కోసం బైక్ క్యారేజీకి కట్టి ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయి వచ్చేవాణ్ని. ఇరవై కిలోమీటర్లలోపే దూరం, గతుకులు ఉచితం. కరెంటు పరీక్షకు ఒక రిలే, ఒక ఆర్డ్యునో చాలు. రెండు రోజులపాటు 500 సార్లు పవర్ తీసి ఇచ్చేలా పెట్టాను. రెండో వెర్షన్ 37వ సారికే పడుకుంది. మూడోది 500 దాటింది. ప్రతి వైఫల్యాన్నీ తేదీ, కారణం, మార్పు అంటూ ఒక నోటుబుక్కులో రాశాను. ఆ నోటుబుక్కు సంగతి ఇప్పుడు చెప్తాను.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

హైదరాబాద్‌లో వాహనాల ట్రాకింగ్ పరికరాలు చేసే చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాను. రెజ్యూమెలో ఒక వాక్యం: ‘చేపల బోటు కోసం 1.5 వాట్ల జీపీఎస్ కంప్యూటర్, మూడు వెర్షన్లు, 500 పవర్ కట్ పరీక్షలు పూర్తి.’ ‘మూడు వెర్షన్లు ఎందుకు?’ అని అడిగారు. నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది. ఒక ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. తెలియదని చెప్పాను. బాబాయ్ నేర్పిన పాఠమే మరి!

మీరు ఈ దారిలో వెళ్లాలనుకుంటే నేర్చుకోవాల్సినవి ఇవి:

- సీ భాష, లైనక్స్ ప్రాథమికాంశాలు, పైథాన్.
- యూఆర్ట్, ఐ2సీ, ఎస్‌పీఐ, వాహనాలకైతే క్యాన్ బస్. బోట్లలో వాడే ఎన్ఎంఈఏ 2000 కూడా క్యాన్ మీదే నడుస్తుంది.
- మల్టీమీటర్, ఆసిలోస్కోప్ వాడకం. చక్కగా సోల్డర్ చేయడం.
- ప్రమాణాల పేర్లు, అవి దేనికో: నీరు-దుమ్ముకు ఐఈసీ 60529, వాహన విద్యుత్తుకు ఐఎస్ఓ 16750, నౌకల నావిగేషన్ పరికరాలకు ఐఈసీ 60945, సైనిక పరికరాలకు మిల్ స్టాండర్డ్ 810.
- మన దేశ వాహన ట్రాకింగ్ ప్రమాణం ఏఐఎస్-140. కొత్త ప్రజా రవాణా వాహనాల్లో, ఆటోలు మినహా, ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ 2019 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది దీని ప్రకారమే.

ఎంబెడెడ్ డెవలపర్, హార్డ్‌వేర్ టెస్టింగ్, వ్యాలిడేషన్, టెలిమాటిక్స్.. ఈ పేర్లతో వెతకండి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఇన్‌కాయిస్, ఈసీఐఎల్, మచిలీపట్నం బీఈఎల్, విశాఖలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్, చెన్నై ఎన్ఐఓటీ వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టులు, అప్రెంటిస్‌షిప్ ప్రకటనలు చూస్తూ ఉండండి.

మీకు 61 రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మీ వేసవి సెలవులూ అప్పుడే. మొదటి వారం బోటు దగ్గరో, లారీ దగ్గరో కూర్చుని వాళ్ల అవసరం వినండి. రెండు, మూడు వారాల్లో టేబుల్ మీద పనిచేయించండి. నాలుగో వారంలో పెట్టెలో బిగించండి. మిగిలిన నెలంతా దాన్ని పాడుచేయడానికి ప్రయత్నించండి. ఖర్చు భయం వద్దు, ముగ్గురు కలిసి చేయండి. ఒకరు కరెంటు, ఒకరు పెట్టె, ఒకరు ప్రోగ్రామ్.

రెండు జాగ్రత్తలు. వైర్‌లెస్ సంకేతాలు పంపే పరికరాలకు అనుమతులు కావాలి, కాబట్టి అందుకునే పరికరాలతోనే మొదలుపెట్టండి. మీ పెట్టెను ఎవరి ఏకైక ఆధారంగానూ ఇవ్వకండి. వాళ్ల పాత పద్ధతి పక్కన ఇదీ ఒకటిగా ఉండాలి.

మూడో పెట్టె తర్వాతి ఏడాది వేట మొదలైన రోజే బోటెక్కింది. ఆ రాత్రి కూడా ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాను. తొమ్మిదిన్నర కాకముందే బోటు వచ్చింది. ‘ఎలా ఉంది బాబాయ్?’ అంటే, ఐసు పెట్టె దించుతూ తల కూడా ఎత్తలేదు.

‘‘మధ్యలో ఒకసారి గీత పడింది అబ్బయా. తెలవదంటే తెలవదంది. కాసేపటికి మళ్లీ చుక్క కొట్టుకుంది. పర్లేదు, ఉండనీ.’’

ఆ పెట్టె ఆ బోటులోనే ఉంది.